స్వేచ్ఛామూర్తి శిల్పి బార్తోల్డి

గుడిలో విగ్రహముండడం లోకసహజం. విగ్రహమే గుడియై నిలవడం అరుదు. శిల్పి మలచిన మూర్తిని జనం వెలుపల నిలిచి చూస్తారు. వాస్తువిదుడు కట్టిన కట్టడంలోనికి ప్రవేశిస్తారు. ఈ రెంటికీ నడుమనున్న గీతను చెరిపివేసినవారు ప్రపంచ చరిత్రలో కొద్దిమందే. ఆలయాన్నే సూర్యుని రథంగా తీర్చిన కోణార్క స్థపతులు అట్టివారు. న్యూయార్క్ రేవులో నిలిచియున్న స్వేచ్ఛామూర్తిని సృజించిన ఫ్రెంచి శిల్పి బార్తోల్డి కూడ ఆ కోవకు చెందినవాడే.

దూరం నుండి చూచేవారికి అది కాగడా ఎత్తి పట్టిన స్త్రీమూర్తి. దరిజేరినవారికి అది ద్వారాలు, మెట్లు, కిటికీలు గల కట్టడం. ఆమె కిరీటంలో ఇరవై అయిదు గవాక్షాలున్నవి. 1886 నుండి 1902 వరకు అది అమెరికా ప్రభుత్వ లెక్కలలో ఒక దీపస్తంభం కూడ. ఆ మూర్తిని ఎరుగనివారు లోకంలో అరుదు. కాని స్వేచ్ఛకు రూపమిచ్చిన ఆ శిల్పి తన జన్మభూమి పరాధీనమైన దుఃఖంతోనే బ్రతికి, ఆ దుఃఖంతోనే కన్నుమూసిన సంగతి ఎరిగినవారు మాత్రం కొందరే.

ఫ్రెడరిక్ ఆగస్ట్ బార్తోల్డి 1834 ఆగస్టు 2వ తేదీన కోల్మార్ పట్టణంలో జన్మించినాడు. ఫ్రాన్సుకు తూర్పు సరిహద్దున, రైను నదికి చేరువగా ఉన్న అల్సేస్ సీమలోనిది ఆ పట్టణం. రెండు రాజ్యాల నడుమ, రెండు భాషల నడుమ ఉన్న సీమ అది. బాలునికి రెండేండ్లు నిండినంతలో తండ్రి మరణించినాడు. తల్లి షార్లోట్ ధైర్యశాలిని, కార్యదక్షురాలు. భర్త విడిచిపోయిన ఆస్తిని జాగ్రత్తగా కాపాడుతూ, ఇద్దరు కుమారుల చదువుకై పారిస్ నగరానికి తరలి వెళ్ళినది. కోల్మార్‌లోని ఇంటిని మాత్రం అమ్ముకొనలేదు. పెద్ద కుమారుడు షార్ల్ తరువాతి కాలంలో మనోవ్యాధికి లోనై 1885లో మరణించినాడు. ఆ తల్లి ఆశలన్నీ చిన్న కుమారునిపైననే నిలిచినవి. ఆమె శాసించగా కుమారుడు తలవంచేవాడు. ఆమె మెచ్చుకొనగా పొంగిపోయేవాడు.

పారిస్‌లో అతడు మొదట చిత్రకారుడైన ఆరీ షెఫర్ వద్ద శిష్యరికం చేసినాడు. క్రమంగా మనస్సు శిల్పం వైపు మరలినది. నెపోలియన్ సేనలో పేరు గడించిన జనరల్ రాప్ కోల్మార్ బిడ్డ. ఆయన కంచు విగ్రహాన్ని చేసే పని ఇరవై ఏండ్లు దాటని ఈ యువకునికి లభించినది. 1855లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు ఆ విగ్రహాన్ని పంపగా, అది లోపల పట్టనంత పెద్దదైనందున ఆరుబయట నిలుపవలసి వచ్చినది. లోపలి వస్తువులకంటె వెలుపలి విగ్రహమే ఎక్కువమంది కంట పడినది. మరుసటి సంవత్సరం అది కోల్మార్‌లో ప్రతిష్ఠితమైనది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెత ఆ విధంగా అతని యెడల సార్థకమైనది. పరిమాణమే ఒక వాక్కు అని, ఆరుబయట నిలిచే శిల్పానికి ఆకాశమే మందిరమని అతడు నేర్చుకొన్న తొలి పాఠం అదే.

రెండవ పాఠం ఈజిప్టు దేశం చెప్పినది. 1855-56లో అతడు జెరోమ్ మొదలైన చిత్రకారులతో కలసి నైలు నది వెంట పయనించినాడు. అబూ సింబెల్ కొండను తొలిచిన ఆలయం ముంగిట కూర్చున్న రాజమూర్తులను, థీబ్స్ మైదానంలో వేల ఏండ్లుగా ఎండకు ఎండి గాలికి వాడకుండ నిలిచిన బృహద్విగ్రహాలను చూచినాడు. వాటి ముఖాలలో చిన్న చిన్న ముడుతలు లేవు, వస్త్రాలలో అనవసరమైన అలంకారాలు లేవు. పెద్ద విగ్రహాన్ని చేయదలచినవాడు చిన్న వివరాలను త్యజించాలని, రేఖలు నిరాడంబరంగా ఉన్నప్పుడే గాంభీర్యం అబ్బుతుందని అతనికి బోధపడినది. ముప్పది ఏండ్ల తరువాత న్యూయార్క్ రేవులో నిలిచిన మూర్తి ముఖంలోని ప్రశాంతికి మూలం ఆ ఎడారిలో ఉన్నది.

ఈజిప్టు అతనికి ఆశాభంగాన్ని కూడ చవిచూపినది. ఫెర్డినాండ్ ద లెస్సెప్స్ పూనికతో సూయెజ్ కాలువ తవ్వకం పూర్తి కావస్తున్న రోజులవి. కాలువ ముఖద్వారంలో, తలపై దీపం వెలుగగా చేయి ఎత్తి నిలిచిన ఈజిప్టు రైతువనిత రూపంలో ఒక మహాదీపస్తంభాన్ని నిర్మించాలని బార్తోల్డి సంకల్పించినాడు. నమూనాలు తయారుచేసి 1869లో ఈజిప్టు పాలకుడైన ఇస్మాయిల్ పాషాకు చూపినాడు. పాషా ఆదరంగా చూచినాడే గాని ధనం మంజూరు చేయలేదు. కాలువ ఆ సంవత్సరమే నవంబరులో ప్రారంభమైనది. శిల్పి మట్టి నమూనాలతో ఇంటికి మరలినాడు. అయినప్పటికీ, విగ్రహమే దీపస్తంభం కావాలన్న ఊహ అతనిని విడువలేదు.

ఇంతలో పిడుగు పడినది. 1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం సంభవించినది. శిల్పి ఉలిని విడిచి ఖడ్గం ధరించినాడు. జాతీయ రక్షకదళంలో అధికారిగా కోల్మార్ రక్షణలో పాల్గొన్నాడు. కాని శత్రుసేన ముందు కొద్దిపాటి దళం ఏపాటిది? పట్టణం శత్రువశమైనది. తరువాత, ఫ్రాన్సుకు తోడ్పడవచ్చిన ఇటలీ వీరుడు గారిబాల్డీ కొలువులో సహాయకుడుగా పనిచేసినాడు. 1871లో సంధి జరిగినది. సంధి షరతుల ప్రకారం అల్సేస్ సీమ జర్మనీ పాలైనది. తాను పుట్టిన ఇల్లు ఉన్న వీధి, తాను నిలిపిన తొలి విగ్రహం ఉన్న చౌకు ఒక్క కలంపోటుతో పరదేశమైనవి. ఫ్రెంచి పౌరుడుగానే ఉండదలచిన కుమారునికి కన్నతల్లి ఉన్న ఊరు అన్యరాజ్యమైనది.

ఆ గాయం నుండి రెండు మహాశిల్పాలు పుట్టినవి. మొదటిది బెల్ఫోర్ సింహం. యుద్ధంలో బెల్ఫోర్ కోట నూట మూడు దినాలు ముట్టడికి తాళుకొని నిలిచినది; ఆ కారణాన ఆ ప్రాంతం ఫ్రాన్సుకే దక్కినది. ఆ ధైర్యానికి స్మారకంగా బార్తోల్డి కోటకొండ చెంత ఎర్రని ఇసుకరాతితో ఒక సింహాన్ని నిర్మించినాడు. 22 మీటర్ల పొడవు, 11 మీటర్ల ఎత్తుగల ఆ సింహం 1880లో పూర్తియైనది. గాయపడియు లొంగని మృగరాజు ముఖంలో ఓడిన జాతి ఆత్మగౌరవం కనిపిస్తుంది. రెండవది స్వేచ్ఛామూర్తి.

ఈ రెండవదానికి బీజం వేసినవాడు ఎదువార్ లాబులే అనే న్యాయశాస్త్ర పండితుడు. అమెరికా రాజ్యాంగాన్ని లోతుగా అధ్యయనం చేసినవాడు, బానిసత్వ నిర్మూలనకై పాటుపడినవాడు. అమెరికాలో అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం రద్దయిన వేళ, స్వాతంత్ర్యానికి ఒక స్మారకచిహ్నాన్ని రెండు దేశాల ప్రజలు కలసి నిర్మించాలని ఆయన అభిలషించినాడు. బార్తోల్డి ఆయన అర్ధవిగ్రహాన్ని చేసినవాడు, ఆయన గోష్ఠిలో కూర్చున్నవాడు. స్వదేశంలో నిలువ నీడ కరవైన శిల్పికి ఆ మాటలు దారి చూపినవి. 1871 జూన్‌లో, పరాజయపు పొగ ఇంకా ఆరకముందే, ఆయన ఓడనెక్కి అమెరికా చేరినాడు.

ఓడ న్యూయార్క్ రేవులో ప్రవేశిస్తున్నప్పుడు నీటి నడుమ ఒక చిన్న దీవి ఆయన కంటబడినది. దాని పేరు బెడ్లోస్ దీవి. దానిపై నక్షత్రాకారంలో ఒక పాత కోట ఉన్నది. వచ్చే ప్రతి ఓడ ఆ దీవి ముందుగా సాగిపోక తప్పదు. తన మూర్తికి తగిన పీఠం అదేనని ఆయన నిశ్చయించుకొన్నాడు. తరువాత ఆ విశాల దేశాన్ని ఈ దరి నుండి ఆ దరి వరకు చుట్టి, అధ్యక్షుడు గ్రాంటు మొదలుగా పలువురు ప్రముఖులను కలసి తన సంకల్పాన్ని వివరించినాడు. వారు చిరునవ్వుతో విన్నారు. చేతికి ధనం మాత్రం రాలేదు.

1875లో ఫ్రాన్సులో ఒక సంఘం ఏర్పడి చందాలు వసూలు చేయసాగినది. విగ్రహపు ఖర్చు ఫ్రెంచి ప్రజలది, పీఠపు ఖర్చు అమెరికా ప్రజలది అని ఒప్పందం. రాజులు గాని ప్రభుత్వాలు గాని కాక ప్రజలే ఇచ్చి పుచ్చుకొనే కానుక అది. 1876లో కాగడా పట్టిన చేయి మాత్రం సిద్ధం కాగా దానిని ఫిలడెల్ఫియా ప్రదర్శనకు పంపినారు. జనం రుసుము చెల్లించి, ఆ చేతిలోపలి నిచ్చెన ఎక్కి, కాగడా చుట్టూ ఉన్న వసారాలో నిలిచి నలుదిక్కులు చూచినారు. ఆ ప్రయాణంలోనే బార్తోల్డి అమెరికాలోని న్యూపోర్ట్ పట్టణంలో ఝాన్ ఎమిలీని వివాహమాడినాడు. 1878లో విగ్రహపు శిరస్సును పారిస్ ప్రదర్శనలో నిలిపినారు. అక్కడ కూడ జనం ఆ శిరస్సులోనికి ఎక్కి కిరీటపు కిటికీలగుండా తమ నగరాన్ని చూచినారు. విగ్రహం పూర్తి కాకముందే దానిలోనికి ప్రవేశించిన ఆ జనం, అది శిల్పమాత్రం కాదని, కట్టడం కూడనని తమ కాళ్ళతోనే తెలుసుకొన్నారు.

అంతటి రూపాన్ని నిర్మించిన విధానం విద్యార్థులు తెలుసుకొనదగినది. మొదట చిన్న నమూనా, ఆపైన దానిని పెంచి మరొకటి, ఇట్లు క్రమక్రమంగా నాలుగవ వంతు పరిమాణం వరకు పెంచినారు. ఆ నమూనాను భాగాలుగా విభజించి, వేలకొలది కొలతలు తీసి, ఒక్కొక్క భాగాన్ని పూర్తి పరిమాణంలో కర్రలతోను ప్లాస్టరుతోను నిర్మించినారు. ఆ ప్లాస్టరు రూపానికి సరిపడే చెక్క అచ్చులు వడ్రంగులు తయారుచేసినారు. ఆ అచ్చులలో రాగిరేకులను ఉంచి సుత్తులతో మోది ఆకారం తెచ్చినారు. దేవాలయాలలో మూలవిరాట్టుకు వెండి కవచం తొడిగే పద్ధతి ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. అయితే ఇక్కడ కవచమే ఉన్నది, లోపల మూలవిరాట్టు లేదు. ఆ రాగిరేకు మందం 2.4 మిల్లీమీటర్లు మాత్రమే.

అంత పలుచని కవచం సముద్రపు గాలికి ఎట్లు నిలుస్తుంది? మొదట సలహాదారుగా ఉన్న వియోలె లె ద్యూక్ అనే వాస్తుపండితుడు విగ్రహాన్ని నడుము వరకు ఇసుకతో నింపాలని తలచినాడు. ఆయన 1879లో మరణించినాడు. ఆ బాధ్యత గుస్తావ్ ఈఫిల్‌కు సంక్రమించినది. ఆయన పేరు మోసిన గోపురం ఇంకా పుట్టని రోజులవి. వంతెనలు కట్టడంలో ఆరితేరిన ఆ ఇంజనీరు, తన సహచరుడు కోష్లాన్‌తో కలసి, లోపల నాలుగు కాళ్ళ ఇనుప గోపురాన్ని నిలిపి, దాని నుండి సన్నని ఇనుప పట్టీలను సాచి, వాటికి రాగి కవచాన్ని వదులుగా తగిలించినాడు. ఎండకు రాగి వ్యాకోచించినా, గాలికి ఊగినా, ఆ పట్టీలు విల్లులవలె వంగి బరువును మోస్తవి. పెనుగాలిలో కాగడా అయిదారు అంగుళాలు ఊగుతుంది గాని విరుగదు. శిల్పి కన్న కలకు ఇంజనీరు వెన్నెముకనిచ్చినాడు.

పారిస్ ఇండ్ల కప్పులకు పైగా పరంజాల నడుమ ఆ మూర్తి నానాటికి ఎదిగినది. లాబులే 1883లోనే మరణించినందున పూర్తిరూపాన్ని చూచే భాగ్యానికి నోచుకొనలేదు. 1884 జూలై 4వ తేదీన దానిని అమెరికా రాయబారికి లాంఛనంగా సమర్పించినారు. వయోవృద్ధుడైన విక్టర్ హ్యూగో ఆ సంవత్సరమే వచ్చి విగ్రహాన్ని దర్శించినాడు. అటుపై ఆరునెలలకే ఆ మహాకవి దివంగతుడైనాడు. తరువాత విగ్రహాన్ని విడదీసి, 214 పెట్టెలలో సర్ది, ఈజేర్ అనే ఓడలో పంపగా 1885 జూన్‌లో న్యూయార్క్ చేరినది.

విగ్రహం వచ్చినది గాని పీఠం లేదు. ధనికులు ముందుకు రాలేదు, ప్రభుత్వం ధనమివ్వలేదు. పెట్టెలు దీవిలో పడియున్నవి. విగ్రహం చేరకముందే జోసెఫ్ పులిట్జర్ అనే పత్రికాధిపతి కలం పట్టియున్నాడు. ఆయన హంగరీ దేశం నుండి వట్టి చేతులతో అమెరికా చేరినవాడు. ఎంత స్వల్పమైన విరాళమైనా దాత పేరును తన పత్రికలో ప్రకటిస్తానని ప్రజలకు మాట ఇచ్చినాడు. కూలివారు, పనిమనుషులు, బడిపిల్లలు చంద్రునికి నూలుపోగువలె తమకు కలిగినది పంపినారు. అయిదు నెలలలో 1,20,000 మందికి పైగా దాతలు లక్ష డాలర్లకు మించి సమకూర్చినారు. వారిలో అత్యధికులు ఇచ్చినది ఒక డాలరుకంటె తక్కువ. రిచర్డ్ హంట్ రచించిన పీఠం 1886లో పూర్తియైనది. సేతువు కట్టిన వానరసేనతోపాటు ఉడుతను కూడ తలచుకొనే జాతికి ఆ బడిపిల్లల పైసల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

1886 అక్టోబరు 28వ తేదీన ఆవిష్కరణ జరిగినది. ఆ దినం మంచు, వాన. మూర్తి ముఖంపై ఫ్రెంచి పతాకం కప్పియున్నది. దానిని లాగవలసిన బార్తోల్డి పైన ఒంటరిగా వేచియున్నాడు. క్రింద ఒక వక్త ఉపన్యసిస్తూ శ్వాస తీసికొనుటకై కొంచెం ఆగగా, ఉపన్యాసం ముగిసినదన్న పొరపాటు సంజ్ఞ పైకి అందినది. బార్తోల్డి తాడు లాగినాడు. పతాకం జారినది. ఫిరంగులు మ్రోగినవి, ఓడలు కూతలు పెట్టినవి, వక్త చేసేది లేక కూర్చున్నాడు. పదిహేనేండ్ల శ్రమ ఫలించిన ఆ క్షణాన శిల్పి సభాసదుల నడుమ లేడు, తాను సృజించిన మూర్తిలోపల ఉన్నాడు. ఆ సంబరంలోనే ఒక అపశ్రుతి. స్త్రీరూపంలో స్వేచ్ఛను నిలిపిన ఆ దీవిపైకి స్త్రీలను దాదాపుగా రానీయలేదు. ఓటుహక్కు కోరుతున్న స్త్రీలు పడవనెక్కి రేవులోనే తమ నిరసన తెలిపినారు.

పీఠంతో కలిపి 305 అడుగులు, పాదం నుండి కాగడా వరకు 151 అడుగులు. చూపుడు వ్రేలే ఎనిమిది అడుగులు. ఎడమ చేతిలోని ఫలకంపై 1776 జూలై 4వ తేదీ. పాదాల చెంత తెగిన సంకెలలు. ఆ ముఖంలో తల్లి షార్లోట్ పోలికలున్నవని చాలమంది భావించినారు. తల్లిని ఎరిగినవారికి ఆ మాట వింతగా తోచలేదు. ఆమె 1891లో కాలం చేసినది.

అయినా శిల్పికి ఒక వెలితి మిగిలినది. కాగడా బంగారు పూతతో మెరవాలని ఆయన కోరిక. దీపస్తంభంగా దానిని వాడదలచిన అధికారులు రాగి జ్వాలకు రంధ్రాలు తొలిచి లోపల విద్యుద్దీపాలు అమర్చినారు. వెలుగు మిణుగురువలె మినుకుమినుకుమన్నది. నావికులకు ఉపకరించనందున 1902లో దీపస్తంభపు పని మాన్పించినారు. ఈజిప్టులో తొలిసారి ఊహించిన దీపం ఆ విధంగా రెండవసారియు ఓడిపోయినది. బార్తోల్డి లియాన్ నగరపు ఫౌంటెన్ మొదలైన మరెన్నో శిల్పాలు చేసి, 1904 అక్టోబరు 4వ తేదీన క్షయవ్యాధితో పారిస్‌లో మరణించినాడు. మోన్‌పర్నాస్ శ్మశానవాటికలో ఆయనను ఖననం చేసినారు. కోల్మార్ అప్పటికి ఇంకా పరదేశమే.

ఓడలకు దారి చూపని ఆ దీపం మనుషులకు మాత్రం దారి చూపినది. 1892లో ప్రక్కనే ఎల్లిస్ దీవిలో వలసదారుల కేంద్రం తెరచినారు. అది 1954లో మూతపడేలోగా కోటీ ఇరవై లక్షలమంది ఆ రేవుగుండా కొత్త బ్రతుకులోనికి అడుగుపెట్టినారు. వారికి మొదట కనిపించినది ఆ రాగిముఖమే. ఎమ్మా లాజరస్ అనే కవయిత్రి 1883లో పీఠపు నిధికై రచించిన పద్యాన్ని 1903లో ఫలకంపై చెక్కి లోపల ఉంచినారు. శిల్పి ఊహించని అర్థాన్ని కవయిత్రి, నిరాశ్రయులైన యాత్రికులు ఆ మూర్తికి ప్రసాదించినారు. చదువులకు, ఉద్యోగాలకు విమానాలలో వెళ్ళిన తెలుగువారు దానిని చూచినది ఆశ్రయం వెదకే ఓడల పైనుండి కాదు. అయినను ఇల్లు విడిచి వచ్చినవారికి ఆ ముఖం కొంత పరిచితంగానే తోస్తుంది.

కాలం రాగిని ఆకుపచ్చగా మార్చినది. లోపలి ఇనుమును తినివేసినది. 1984-86లో ఇనుప పట్టీలను తీసి తుప్పు పట్టని ఉక్కు పట్టీలు అమర్చినారు. రంధ్రాలు పడిన పాత కాగడాను దించి, బార్తోల్డి తలచిన రీతిలోనే బంగారు రేకు పొదిగిన కొత్త కాగడాను నిలిపినారు. ఆయన కోరిక నూరేండ్లకు తీరినది. అంతకంటె గాఢమైన కోరిక ఆయన మరణించిన పద్నాలుగేండ్లకు తీరినది: 1918లో కోల్మార్ తిరిగి ఫ్రాన్సులో చేరినది. భార్య సంకల్పం వలన, తల్లి అమ్ముకొనని ఆ ఇల్లు 1922లో ఆయన ప్రదర్శనశాలగా తెరువబడినది. ఆయన వర్ధంతి శతవర్షం నిండిన 2004లో, ఆ పట్టణపు ఉత్తర ద్వారాన పన్నెండు మీటర్ల స్వేచ్ఛామూర్తి ప్రతిరూపాన్ని నిలిపినారు. సముద్రం దాటి వెళ్ళిన బిడ్డ పుట్టినింటికి వచ్చినట్లు, కోల్మార్‌కు వచ్చేవారిని ఇప్పుడు ఆ మూర్తియే ఎదురుకొని పలకరిస్తున్నది.